జగిత్యాల నుంచి దుబాయ్ ఎంత దూరం?

శంషాబాద్ నుంచి దుబాయ్ పోయే విమానం టికెట్ మీద రెండు సమయాలుంటాయి. ఉదాహరణకు తెల్లవారుజామున 4 గంటలకు ఎక్కితే ఉదయం 6.20కి దిగుతారని రాసి ఉందనుకుందాం. తిరుగు టికెట్ మీద, దుబాయ్‌లో రాత్రి 10 గంటలకు ఎక్కితే శంషాబాద్‌లో 2.50కి దిగుతారని ఉంది. పోయేటప్పుడు రెండు గంటల ఇరవై నిమిషాలు, వచ్చేటప్పుడు నాలుగు గంటల యాభై నిమిషాలు. కొడుకును మొదటిసారి పరదేశం పంపుతున్న ఇంట్లో ఈ లెక్క చాలాసేపు నలుగుతుంది. "మబ్బుల నాలుగింటికి ఎక్కి ఆరింటికే దిగుతడా?" అని కోరుట్లలో ఒక తల్లి అడిగితే, ఆమె అడిగింది చిన్న ప్రశ్న కాదు. దానికి సరైన జవాబు చెప్పాలంటే భూమి ఎట్లా తిరుగుతుందో, పది కిలోమీటర్ల ఎత్తున గాలి ఎటు వీస్తుందో చెప్పాలి.

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, వేములవాడ ప్రాంతాల్లో ఈ ప్రశ్న ఊరూరా ఉన్నదే. బొంబాయి, దుబాయి, బొగ్గుబాయి అని ఇక్కడి బతుకుదెరువును మూడు ముక్కల్లో చెబుతారు. 1973 తర్వాత చమురు ధర పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాల పని మొదలైనప్పటి నుంచి పాత కరీంనగర్ జిల్లా పల్లెలు అటువైపు కదిలాయి. 2016 అక్టోబర్ 11న జగిత్యాల, రాజన్న సిరిసిల్ల వేరు జిల్లాలయ్యాయి కానీ దారి మాత్రం మారలేదు. ఇంతమంది ఇన్నేళ్లుగా పోయివస్తున్న దూరాన్ని మన బడి పుస్తకాలు ఒక్కసారైనా పిల్లలతో కొలిపించలేదు. ఈ అధ్యాయంలో ఆ పని చేద్దాం.

గడియారం లెక్క

ముందు తేలికైన ముడి విప్పుదాం. దుబాయ్ గడియారం మన గడియారం కంటే గంటన్నర వెనక నడుస్తుంది. అక్కడ 6.20 అయినప్పుడు ఇక్కడ 7.50. అంటే 4 గంటలకు ఎక్కినవాడు మూడు గంటల యాభై నిమిషాలు ప్రయాణించాడు. తిరుగు దారిలో దుబాయ్ రాత్రి 10 అంటే మనకు 11.30. అప్పటి నుంచి 2.50 దాకా మూడు గంటల ఇరవై నిమిషాలే. మస్కట్‌కూ ఇదే గంటన్నర తేడా. సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్ అయితే రెండున్నర గంటలు వెనక.

గంటల తేడా గుర్తులేకపోయినా టికెట్లే జవాబు చెబుతాయి. పోయే టికెట్ మీద కనిపించే వ్యవధిని, వచ్చే టికెట్ మీద కనిపించే వ్యవధిని కలిపి సగం చేయండి. 2.20, 4.50 కలిస్తే 7 గంటల 10 నిమిషాలు. అందులో సగం 3 గంటల 35 నిమిషాలు. ఒకవైపు తగ్గిన గంటన్నర ఇంకోవైపు పెరుగుతుంది కాబట్టి కలిపినప్పుడు రద్దయిపోతుంది. మిగిలేది ఒకవైపు ప్రయాణానికి అసలైన సగటు. ఏ రెండు ఊళ్లకైనా ఈ లెక్క పనిచేస్తుంది. ఏడో తరగతి పిల్లలు చేయగలిగిన లెక్క ఇది, చేయించాలి కూడా.

గంటన్నరే ఎందుకు? భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది, అంటే ఒక్క డిగ్రీకి నాలుగు నిమిషాలు. మన దేశపు గడియారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఆధారపడింది. ఆ రేఖ ఆంధ్రప్రదేశ్‌లో కాకినాడ దగ్గరగా పోతుంది. యూఏఈ గడియారానికి ఆధారం 60 డిగ్రీల రేఖ. మధ్యలో 22.5 డిగ్రీలు, నాలుగేసి నిమిషాల చొప్పున సరిగ్గా 90 నిమిషాలు. ఇక నిజమైన పొద్దు సంగతి. జగిత్యాల ఉన్నది సుమారు 78.9 డిగ్రీల మీద, దుబాయ్ 55.4 మీద. తేడా ఇరవై మూడున్నర డిగ్రీలు, అంటే 94 నిమిషాలు. జగిత్యాలలో పొద్దు నడినెత్తికి వచ్చిన 94 నిమిషాలకు దుబాయ్‌లో వస్తుంది. ప్రభుత్వాలు పెట్టుకున్న గడియారానికీ ఆకాశంలోని సూర్యుడికీ ఇక్కడ నాలుగు నిమిషాలే తేడా. ఇంత బాగా కుదరడం అన్నిచోట్లా ఉండదు. చైనా పశ్చిమ కొసన గడియారం పన్నెండు కొట్టాక దాదాపు మూడు గంటలు గడిస్తే గాని పొద్దు నడినెత్తికి రాదు.

గోళం మీద గీత

ఇప్పుడు దూరం. భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్లు. 360తో భాగిస్తే ఒక డిగ్రీకి 111 కిలోమీటర్లు. ఉత్తర దక్షిణాలుగా కొలిస్తే ఎక్కడైనా ఇంతే. తూర్పు పడమరలుగా అయితే ధ్రువాల వైపు పోయేకొద్దీ రేఖాంశాలు దగ్గరవుతాయి. శంషాబాద్‌కూ దుబాయ్‌కూ నడిమి అక్షాంశం 21 డిగ్రీలు. అక్కడ ఒక డిగ్రీ రేఖాంశం 104 కిలోమీటర్లకు కుదించుకుపోతుంది. రెండు విమానాశ్రయాల మధ్య రేఖాంశంలో 23 డిగ్రీలు, అక్షాంశంలో 8 డిగ్రీలు తేడా. పడమరకు 23 ఇంటూ 104, అంటే 2,392. ఉత్తరానికి 8 ఇంటూ 111, అంటే 888. ఈ రెండూ లంబకోణ త్రిభుజానికి రెండు భుజాలు. పైథాగరస్ సిద్ధాంతంతో కర్ణం కడితే 2,550 కిలోమీటర్ల చిల్లర వస్తుంది. గోళాకార త్రికోణమితితో జాగ్రత్తగా చేస్తే వచ్చే అసలు దూరం 2,546. పదో తరగతి గణితంతో ఖండాంతర దూరం ఇంత దగ్గరగా తేలింది.

అయితే ఈ సుళువు అన్నిచోట్లా సాగదు. గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారిని మహావృత్తం అంటారు. భూమి కేంద్రం గుండా ఒక పలకతో కోస్తే ఉపరితలం మీద పడే గీత అది. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగితే ఆ గీతే దొరుకుతుంది. శంషాబాద్, దుబాయ్ విషయంలో ఆ దారికీ, దిక్సూచి ముల్లును ఒకే కోణంలో ఉంచి పోయే దారికీ మూడు కిలోమీటర్లే తేడా. దూరం పెరిగితే కథ మారిపోతుంది. 2021 జనవరిలో ఎయిర్ ఇండియా హైదరాబాద్ నుంచి చికాగోకు నేరుగా విమానం మొదలుపెట్టింది. దూరం దాదాపు 13,280 కిలోమీటర్లు. గోడమీది పటంలో చికాగో మనకు పడమర కొసన కనిపిస్తుంది, కానీ మహావృత్తం శంషాబాద్ నుంచి దాదాపు ఉత్తరానికి బయలుదేరుతుంది. ఆ గీత నిజామాబాద్ మీదుగా సాగి, పైకి పోయి, ఉత్తర ధ్రువానికి సుమారు 1,200 కిలోమీటర్ల దగ్గరకు చేరి, అక్కడి నుంచి అమెరికా మీదికి దిగుతుంది. గోడ పటం ధ్రువాల దగ్గరి నేలను అడ్డంగా సాగదీస్తుంది కాబట్టి ఈ దగ్గరి దారి మన కంటికి చుట్టుదారిలా తోస్తుంది. బడిలో పటం ఒక్కటే ఉండి గ్లోబు లేకపోతే పిల్లలకు ఈ ముక్క ఎప్పటికీ అందదు.

దుబాయ్ గీతను పట్టుకుని పోదాం. శంషాబాద్ నుంచి అది పడమటి వాయవ్యంగా బయలుదేరి మహారాష్ట్ర మీదుగా సాగుతుంది. తీరం చేరే ముందు భివండీకి ఉత్తరాన ఇరవై కిలోమీటర్లలోపే దాటుతుంది. ఆ తర్వాత అరేబియా సముద్రం. సౌరాష్ట్ర తీరాన్ని కుడివైపు వదిలేసి, ఒమాన్ సింధుశాఖ మీదుగా పోయి, హజర్ కొండలు దాటి దుబాయ్‌లో దిగుతుంది. నిజమైన విమానాలు గాలిలో నిర్ణయించిన దారులు, మలుపులు పాటించాలి కాబట్టి కొంత అటూ ఇటూ జరుగుతాయి, నడిచేది కూడా కాస్త ఎక్కువే. అయినా ఆ గీత భివండీ పక్కగా పోవడం నన్ను కట్టిపడేస్తుంది. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల పద్మశాలీలు మగ్గాల పని వెతుక్కుంటూ భివండీకి, బొంబాయికి, షోలాపూర్‌కు తరలిపోయింది దుబాయ్ కంటే ముందే. భివండీ మరమగ్గాల మీద పనిచేసినవాళ్ల మనవలు ఈ రోజు అదే ఊరి పక్కగా, పది కిలోమీటర్ల ఎత్తున దాటిపోతున్నారు. రెండు తరాల వలసకు భూగోళం మీద ఒకటే దిక్కు.

జగిత్యాల, కోరుట్లల దూరం నేరుగా కొలిస్తే మరో సంగతి బయటపడుతుంది. శంషాబాద్ నుంచి దుబాయ్‌కి 2,546 కిలోమీటర్లని చూశాం. జగిత్యాల నుంచి నేరుగా కొలిస్తే సుమారు 2,527, సిరిసిల్ల నుంచి 2,534, కోరుట్ల నుంచి 2,506. మూడు ఊళ్లూ విమానాశ్రయం కంటే దుబాయ్‌కి దగ్గరే! కారణం ఆ గీత దిక్కులోనే ఉంది. దుబాయ్ మనకు వాయవ్యంగా ఉంది, ఈ ఊళ్లు శంషాబాద్‌కు ఉత్తరాన ఉన్నాయి. కోరుట్ల మనిషి విమానం కోసం దక్షిణానికి రెండొందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, తాను బయలుదేరిన చోటికంటే దుబాయ్‌కి నలభై కిలోమీటర్లు ఎక్కువ దూరంలో నిలబడతాడు. ఈ మాట గుర్తుంచుకోండి, దీంతో తర్వాత పని ఉంది.

గాలి ఎటు వీస్తే

పోయేటప్పుడు 3.50, వచ్చేటప్పుడు 3.20. ఈ అరగంట తేడా సంగతి ఇంకా తేల్చలేదు. చాలామందికి తోచే జవాబు భూమి తిరగడం. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కదా, విమానం గాలిలోకి లేచాక పడమరన ఉన్న దుబాయ్ దానికి ఎదురు రావాలి కదా అని బడి పిల్లలు అడుగుతారు. మంచి ప్రశ్న. జగిత్యాల అక్షాంశం దగ్గర భూమి ఉపరితలం గంటకు 1,580 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పోతోంది. హెలికాప్టర్ ఎక్కి గాలిలో నిలబడితే సూర్యుడికి పట్టినట్టే గంటన్నరలో దుబాయ్ రేఖాంశం కిందికి రావాలి. కానీ రాదు. నేల మీద ఉన్నప్పుడే హెలికాప్టర్‌కు ఆ 1,580 వేగం ఉంది. పైకి లేచినా ఆ వేగం దాన్ని వదలదు. చుట్టూ ఉన్న గాలి కూడా భూమితో పాటే తిరుగుతోంది. నడుస్తున్న రైలులో పైకి విసిరిన నాణెం మన చేతిలోనే పడుతుంది, వెనక పెట్టెలో పడదు. గాలి భూమితో తిరగకుండా ఆగిపోతే మనకు తగిలేది గంటకు 1,580 కిలోమీటర్ల తుఫాను. ఒక్క చెట్టు కూడా మిగలదు.

అట్లాగని భూభ్రమణానికి ఇందులో పాత్ర లేదనుకోవద్దు. నేరుగా లేదు, గాలి ద్వారా ఉంది. భూమధ్యరేఖ దగ్గర నేల గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంటే, 30 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర 1,450 దాకానే తిరుగుతుంది. మధ్యరేఖ దగ్గర వేడెక్కి పైకి లేచిన గాలి ఉత్తరానికి కదిలినప్పుడు తనతో తెచ్చుకున్న తూర్పు వేగం పోదు. పైగా భూమి అక్షానికి దగ్గరయ్యేకొద్దీ ఆ వేగం పెరుగుతుంది. కింది నేల కంటే ఆ గాలి ముందుకు దూకుతుంది. అట్లా ఎత్తున, పడమర నుంచి తూర్పుకు పారే సన్నని, వడిగల గాలి నదినే జెట్ ప్రవాహం అంటారు. చలికాలంలో ఉపోష్ణ జెట్ ప్రవాహం ఉత్తర భారతం మీద, సుమారు 12 కిలోమీటర్ల ఎత్తున పారుతుంది. దాని నడిబొడ్డున వేగం గంటకు 200 కిలోమీటర్లు దాటిపోతుంది. మన విమానం దారి ఆ ప్రవాహానికి దక్షిణపు అంచున ఉంటుంది. దుబాయ్ పోయే విమానానికి అది ఎదురుగాలి, వచ్చే విమానానికి తోడుగాలి.

1920లలో జపాన్ వాతావరణ శాస్త్రవేత్త వాసబురో ఓయిషి బెలూన్లు ఎగరేసి ఈ గాలులను కొలిచాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో ఫలితాలను ఎస్పరాంటో భాషలో అచ్చువేశాడు. ఆ భాష చదివేవాళ్లే తక్కువ, అందుకని ప్రపంచం పట్టించుకోలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మీదికి పోయిన అమెరికన్ బాంబర్లు ఆ గాలికి ఎదురేగి ముందుకు కదలలేక తంటాలు పడ్డాకే అది అందరికీ తెలిసింది.

వానాకాలంలో సంగతి వేరు. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా టిబెట్ పీఠభూమి వేడెక్కడంతో మన ద్వీపకల్పం మీద ఎత్తున గాలి దిశ తిరగబడి తూర్పు నుంచి పడమరకు వీస్తుంది. దీన్ని ఉష్ణమండల తూర్పు జెట్ ప్రవాహం అంటారు. దీన్ని వర్ణించి 1958లో పరిశోధన పత్రం ప్రచురించిన పంచేటి కోటేశ్వరం తెలుగువాడు, తర్వాత భారత వాతావరణ శాఖకు అధిపతి అయ్యాడు. రుతుపవనాలను అర్థం చేసుకోవడంలో ఆయన పని మైలురాయి. మన పాఠ్యపుస్తకాల్లో ఆయన పేరు కనిపించాల్సినంతగా కనిపించదు. జూలైలో శంషాబాద్ రన్‌వే మీద నిలబడితే పడమటి గాలి ముఖాన కొడుతుంది. అదే సమయంలో పన్నెండు కిలోమీటర్ల ఎత్తున గాలి తూర్పు నుంచి పోతుంటుంది. కాబట్టి చలికాలంలో కనిపించే అరగంట, ముప్పావుగంట తేడా వానాకాలంలో బాగా తగ్గుతుంది, కొన్ని రోజుల్లో తిరగబడుతుంది కూడా.

గాలి లెక్కలో చాలామంది ఊహించని మెలిక ఒకటి ఉంది. దూరం 2,550, విమానం వేగం గంటకు 850 అనుకుంటే గాలి లేని రోజు సరిగ్గా మూడు గంటలు, పోయిరావడానికి ఆరు. ఇప్పుడు గంటకు వంద కిలోమీటర్ల పడమటి గాలి వీచిందనుకోండి. పోయేటప్పుడు వేగం 750, పట్టేది 3 గంటల 24 నిమిషాలు. వచ్చేటప్పుడు వేగం 950, పట్టేది 2 గంటల 41 నిమిషాలు. మొత్తం ఆరు గంటల అయిదు నిమిషాలు. పోయేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు పూర్తిగా తిరిగి రాలేదు. ఎదురుగాలిలో విమానం ఎక్కువ సేపు ఉంటుంది, తోడుగాలిలో తక్కువ సేపు ఉంటుంది, అందుకే ఆ నష్టం. గాలి ఎంత బలంగా వీస్తే రెండు వైపులా కలిపి నష్టం అంత పెరుగుతుంది. గోదావరిలో పడవ నడిపేవాళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది. టికెట్ మీది సమయంలో రన్‌వే దాకా నడవడం, పైకి ఎక్కడం, కిందికి దిగడం కూడా కలిసి ఉంటాయి కాబట్టి ఈ మూడు గంటల మీద మరో అరగంట, ముప్పావుగంట చేరుతుంది.

850 దగ్గరే ఎందుకు ఆగాలి, ఇంకా వేగంగా పోకూడదా? అడ్డం పడేది ధ్వని వేగం. పదకొండు కిలోమీటర్ల ఎత్తున చలి సున్నాకు 56 డిగ్రీలు దిగువన ఉంటుంది. అక్కడ ధ్వని వేగం గంటకు దాదాపు 1,060 కిలోమీటర్లు. విమానం ఆ వేగానికి దగ్గరవుతున్నకొద్దీ రెక్కల మీది గాలి కొన్నిచోట్ల ధ్వనిని మించి, ఆఘాత తరంగాలు పుట్టి, లాగుడు ఒక్కసారిగా పెరుగుతుంది. ఇంధనం మండిపోతుంది. అందుకే ప్రయాణికుల జెట్ విమానాలు సాధారణంగా ధ్వని వేగంలో నూటికి 78 నుంచి 85 వంతుల దగ్గర ఆగుతాయి. ధ్వనిని రెట్టింపు వేగంతో దాటిన కాంకార్డ్ 1976 నుంచి 2003 దాకా నడిచి ఖర్చు భరించలేక ఆగిపోయింది. ఎయిర్ ఇండియాకు తొలి బోయింగ్ 707 వచ్చింది 1960లో. దాని వేగం ఈనాటి విమానాల వేగానికి ఏమాత్రం తక్కువ కాదు. అంటే అరవై ఏళ్లకు పైగా ఆకాశంలో ప్రయాణ సమయం తగ్గలేదు. టికెట్ ధర, ఇంధనం, భద్రత అన్నీ మెరుగయ్యాయి, వేగం మాత్రం ఉన్నచోటే ఉంది.

నేల మీద గంటలు

ఆకాశం సంగతి తేలింది కాబట్టి మనిషి ప్రయాణాన్ని మొత్తంగా కొలుద్దాం. తెల్లవారుజామున 4 గంటల విమానానికి జగిత్యాల నుంచి ముందురోజు రాత్రి 8 గంటలకు బయలుదేరాలి. ఒక బండి కిరాయికి మాట్లాడుకుని తల్లి, భార్య, పిల్లలు, బావమరది అందరూ ఎక్కుతారు. కరీంనగర్, సిద్దిపేట మీదుగా ఔటర్ రింగ్ రోడ్డు పట్టుకుని శంషాబాద్ చేరడానికి అయిదు గంటలు. విమానానికి మూడు గంటల ముందే లోపల ఉండాలి. బ్యాగుల తూకం, ఇమిగ్రేషన్, తనిఖీ. గాలిలో నాలుగు గంటలు. దిగాక అక్కడి ఇమిగ్రేషన్, కంపెనీ బస్సు, సోనాపూర్ లాంటి లేబర్ క్యాంపులో మంచం దాకా చేరడానికి మరో రెండు గంటలు. మొత్తం పద్నాలుగు గంటలు. జగిత్యాల, దుబాయ్‌ల నేరు దూరం 2,527ను పద్నాలుగుతో భాగిస్తే గంటకు 180 కిలోమీటర్లు. విమానం వేగం 850, మనిషి వేగం 180.

ఈ 180 ఎంత తక్కువో తెలియాలంటే చరిత్ర చూడాలి. 1932లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్ సంస్థ లండన్ నుంచి కరాచీ పోయే విమానాలను షార్జాలో రాత్రికి ఆపేది. ప్రయాణికులు పడుకోవడానికి ఎడారి అంచున కోట లాంటి విడిది కట్టారు. ఆ దారిలో ఎగిరిన నాలుగింజన్ల జంట రెక్కల విమానం వేగం గంటకు 160 కిలోమీటర్లు. జెట్ యుగంలో మన జగిత్యాల మనిషి ఇంటి గడప నుంచి క్యాంపు గడప దాకా పోయే వేగం, తొంభై ఏళ్ల కిందటి ఆ గుడ్డ రెక్కల విమానం వేగానికి అటూ ఇటూగానే ఉంది.

ఇంతకుముందు పరిస్థితి ఇంకా కష్టం. దుబాయ్ విమానాశ్రయం 1960లో తెరుచుకున్నప్పుడు దాని రన్‌వే గట్టిపరచిన ఇసుక. గల్ఫ్ వలస మొదలైన కాలంలో మనవాళ్లు ముందు బొంబాయి పోవాలి, అక్కడ ఏజెంటు చూపిన గదిలో వీసా కోసం రోజులూ వారాలూ ఎదురుచూడాలి. ద్వారక అనే ఓడ బొంబాయి నుంచి గల్ఫ్ రేవులకు 1982 దాకా నడిచింది. అప్పటి ఓడలు గంటకు పాతిక కిలోమీటర్ల చొప్పున పోతే, దారిలో ఎక్కడా ఆగకపోయినా మూడు రోజులకు పైనే పట్టేది. బేగంపేట నుంచి, 2008 మార్చి తర్వాత శంషాబాద్ నుంచి విమానాలు పెరగడం ఉత్తర తెలంగాణకు పెద్ద మేలు. బొంబాయి మజిలీ పోయింది. గమనించండి, ఆ మేలు జరిగింది విమానం వేగం పెరిగినందువల్ల కాదు, ఎక్కే చోటు దగ్గరైనందువల్ల.

ఈలోగా మాట మాత్రం దూరాన్ని దాదాపు మాయం చేసింది. గాజు తీగలో కాంతి సెకనుకు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. 2,550 కిలోమీటర్లకు సెకనులో వందో వంతు కంటే కొంచెం ఎక్కువ. తీగలు చుట్టుదారిన పోయినా, మధ్యలో యంత్రాలు ఆలస్యం చేసినా వీడియో కాల్‌లో బిడ్డ నవ్వు తండ్రికి కనిపించడానికి చిటికె వేసినంత సేపు కూడా పట్టదు. అదే తండ్రి ఇంట్లో చావు కబురు విని బయలుదేరితే, సెలవు దొరికి, టికెట్ దొరికి, పద్నాలుగు గంటలు ప్రయాణించి వచ్చేసరికి చాలాసార్లు అంత్యక్రియలు అయిపోయి ఉంటాయి. ప్రయాణ సమయం ఈ ప్రాంతానికి సౌకర్యం ప్రశ్న కాదు. కన్నవాళ్ల ఆఖరి చూపు దక్కుతుందా లేదా అన్న ప్రశ్న.

కాబట్టి గంటలు ఎక్కడ తగ్గించగలం? విమానం వేగాన్ని ఎట్లాగో నూటికి పది వంతులు పెంచినా మిగిలేది పావుగంట. నేల మీద తగ్గించే సంగతికి కోరుట్ల ఉదాహరణ తీసుకోండి. నిజామాబాద్ జిల్లా జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం కట్టాలన్న ప్రతిపాదన ఏళ్ల తరబడి ఉంది, పెద్దపల్లి జిల్లా బసంత్‌నగర్ పేరు కూడా అట్లాగే వినబడుతూ వచ్చింది. కోరుట్ల నుంచి మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా జక్రాన్‌పల్లికి సుమారు డెబ్బై కిలోమీటర్లు, గంటం పావు. శంషాబాద్‌కు పట్టే అయిదు గంటల్లో మూడు గంటల ముప్పావు మిగులుతుంది. శంషాబాద్, దుబాయ్ విమాన సమయమే మూడు గంటల యాభై నిమిషాలు. అంటే దగ్గరలో విమానాశ్రయం ఉండడం, కోరుట్ల మనిషికి విమానం రెప్పపాటులో దుబాయ్ చేరడంతో దాదాపు సమానం. పైగా జక్రాన్‌పల్లి నుంచి దుబాయ్ దూరం 2,470 కిలోమీటర్ల లెక్కన వస్తుంది, శంషాబాద్ కంటే డెబ్బై అయిదు కిలోమీటర్లు తక్కువ.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. చిన్న రన్‌వే కట్టి డెబ్బై సీట్ల ఏటీఆర్ విమానం నడిపితే ఈ లాభం రాదు. ఆ రకం విమానం పూర్తి ప్రయాణికులతో పోగలిగేది పదిహేను వందల కిలోమీటర్ల లోపే. ఎయిర్‌బస్ 320, బోయింగ్ 737 లాంటివి దిగగల రన్‌వే, ఇమిగ్రేషన్, కస్టమ్స్ ఉంటేనే గల్ఫ్‌కు నేరుగా పోవచ్చు. సిరిసిల్లకు దారి వేరు. మనోహరాబాద్ నుంచి సిద్దిపేట, సిరిసిల్ల మీదుగా కొత్తపల్లి పోయే 151 కిలోమీటర్ల రైలు మార్గంలో 2023 అక్టోబర్ నుంచి సిద్దిపేట దాకా రైళ్లు నడుస్తున్నాయి. సిరిసిల్ల వరకు పట్టాలు పడితే రాత్రిపూట కిరాయి బండిలో రోడ్డు ప్రమాదాల భయంతో చేసే ప్రయాణం కొంతైనా తగ్గుతుంది.

జగిత్యాల నుంచి దుబాయ్‌కి దూరం 2,527 కిలోమీటర్లు. ఆకాశంలో ఈ దారి ఇంతకంటే కుదించడానికి లేదు, విమానం వేగం సమీప భవిష్యత్తులో పెరగదు, గాలి మన మాట వినదు. తగ్గించగలిగిన గంటలన్నీ కోరుట్లకూ శంషాబాద్‌కూ మధ్యే ఉన్నాయి. యాభై ఏళ్లుగా గల్ఫ్ నుంచి డబ్బు పంపి ఈ జిల్లాలను నిలబెట్టిన మనుషులకు పెద్ద విమానాలు దిగే రన్‌వే ఒకటి, సిరిసిల్లకు రైలు ఒకటి ఇవ్వాలి. ఓటు అడగడానికి వచ్చినవాళ్ల ముందు ఈ లెక్కలు పెట్టండి.